తపాలా ఓటు – తిరిగి లెక్కింపు
(గ్రామ పంచాయతి సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఎన్నికలను గూర్చి మీకు చెప్ప బూనుట కొంత సాహసమే. మీలో ప్రతి ఒక్కరును ఎన్నికలో నిలిచి, గెలిచి వచ్చినవారే. లెక్కింపు బల్లపై ఓటు పత్రముల కట్టలు విప్పుచున్నపుడు గుండె యెట్లు కొట్టుకొనునో మాకంటె మీకే బాగుగ తెలియును. అయినను నేడు మీ యెదుట ఉంచదలచిన విషయము మనమందరమును కొంచెము తీరికగ ఆలోచింపవలసినది. ఊరికి దూరముగనున్న వాని ఓటు లెక్కలోనికి ఎట్లు రావలెను? ఫలితము పై సందేహము కలిగినపుడు లెక్క మరల చూచుట ఎట్లు? ఈ రెండు ప్రశ్నలే నేటి మా ప్రసంగ విషయము.

మేమెరిగిన ఒక గ్రామమున కొన్నేండ్ల క్రిందట వార్డు సభ్యుని ఎన్నికలో ఇద్దరు అభ్యర్థుల నడుమ రెండే ఓట్ల వ్యత్యాసము వచ్చినది. ఓడిన అభ్యర్థి తిరిగి లెక్కింపవలసినదని కాగితముపై వ్రాసి ఇచ్చెను. గెలిచినవారి పక్షమువారు ఇది తమకు అవమానమని కేకలు వేసిరి. ఎన్నికల అధికారి ఉభయులను కూర్చుండబెట్టి, ఇరుపక్షముల ఏజెంట్ల కన్నుల యెదుట ఒక్కొక్క పత్రమును విప్పి చూపుచు మరల లెక్కించెను. అరగంట కాలము పట్టినది. ఫలితము మారలేదు. కాని ఓడినవాడు లేచి, "ఇప్పుడు నా మనస్సు కుదుటబడినది" అని గెలిచినవాని చేయి పట్టుకొనెను. ఆ అరగంట వెచ్చింపకున్నచో ఆ రెండు కుటుంబములు ఐదేండ్లపాటు ఒకరి గడప నొకరు తొక్కకుండెడివి. బావి దగ్గరను, గుడి దగ్గరను, పంచాయతి సమావేశమునను ఆ రెండు ఓట్ల తగవే వినబడుచుండెడిది.

ఈ విషయమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో జరిగినది మనకు మంచి పాఠము కాగలదు. అచ్చట వివిధ రాష్ట్రముల శాసనసభలు తపాలా ఓటును గూర్చియు, తిరిగి లెక్కింపును గూర్చియు పెక్కు శాసనములు చేసినవి. వాటివలన కలిగిన మేలును కలదు, చిక్కులును కలవు. అచ్చట పౌరసత్వము పొంది ఓటు వేయుచున్న తెలుగువారు గూడ ఆ శాసనములకు లోబడియే ఓటు వేయుచున్నారు. మీ గ్రామముల బిడ్డలు వారిలో ఉండవచ్చును.

రాష్ట్రమునకొక శాసనము

మన దేశమున రాజ్యాంగపు 324వ అధికరణము ననుసరించి పార్లమెంటు, శాసనసభల ఎన్నికలన్నియు ఒకే ఎన్నికల సంఘము ఆధిపత్యమున జరుగును. పంచాయతి ఎన్నికలను 243-కె అధికరణము ననుసరించి రాష్ట్ర ఎన్నికల సంఘము జరుపును. అమెరికాలో పద్ధతి వేరు. ఎన్నికలు జరుపు కాలమును, స్థలమును, విధమును నిర్ణయించు అధికారమును వారి రాజ్యాంగము మొదట రాష్ట్ర శాసనసభలకే ఇచ్చినది. వానిని మార్చు అధికారము కేంద్ర శాసనసభయైన కాంగ్రెసునకు గలదు. కనుక 50 రాష్ట్రములలో 50 విధములైన ఎన్నికల చట్టములు ఏర్పడినవి. ఓట్లను లెక్కించు పని సామాన్యముగ కౌంటీ అధికారులు చేయుదురు. కౌంటీ యనగా ఇంచుమించు మన జిల్లా వంటిదని అనుకొనవచ్చును.

అచ్చట దూరముననున్న వారి ఓటును గూర్చిన ఆలోచన మొదట సైనికుల నిమిత్తము పుట్టినది. 1864లో అంతర్యుద్ధము జరుగుచుండగా కొన్ని రాష్ట్రములు యుద్ధ శిబిరములలోని సైనికులకు ఓటు వేయు అవకాశము కల్పించినవి. క్రమముగ రోగులు, వృద్ధులు, ప్రయాణములో నున్నవారు కారణము చూపి తపాలా ద్వారా ఓటు వేయుటకు అనుమతి పొందిరి. కారణము చూపనవసరము లేదని కాలిఫోర్నియా రాష్ట్రము 1978లో శాసించినది.

ఆరిగాన్ రాష్ట్రము ఇంకను ముందునకు పోయినది. 1981లో స్థానిక సంస్థల ఎన్నికలలో ఓటు పత్రములను తపాలాలో పంపి చూచుటకు అచ్చటి శాసనసభ అనుమతించినది. ఈ సంగతి మీరు ముఖ్యముగ గమనింపవలెను. ఆ పెద్ద మార్పు మొదట పరీక్షకు నిలిచినది మనవంటి స్థానిక సంస్థల ఎన్నికలలోనే. అచ్చట కుదిరిన పిమ్మటనే పెద్ద ఎన్నికలకు ప్రాకినది. 1998 నవంబరులో ప్రజలే ఓటు వేసి, ఇకమీదట అన్ని ఎన్నికలును తపాలా ద్వారానే జరుగవలెనని నిర్ణయించిరి. పిదప వాషింగ్టను రాష్ట్రము 2011లోను, కొలరాడో రాష్ట్రము 2013లోను ఓటర్లందరికి పత్రములను ఇంటికే పంపు శాసనములు చేసినవి.

కవరులో కవరు

తపాలా ఓటు పద్ధతిని మూడు మాటలలో చెప్పవచ్చును. ఓటరు ఇంటివద్ద పత్రముపై తన గుర్తు పెట్టును. దానిని లోపలి కవరులో నుంచి మూయును. ఆ కవరును వెలుపలి కవరులో పెట్టి, దానిపై సంతకము చేసి పంపును. అధికారులు వెలుపలి కవరుపైనున్న సంతకమును తమవద్ద నున్న నమూనాతో పోల్చి చూతురు. సరిపోయినచో లోపలి కవరును వేరుచేసి, ఎవరిదో తెలియకుండునట్లు ఇతర కవర్లతో కలిపి, పిదప విప్పుదురు. ఈ విధముగ ఓటరు ఎవరో తెలియును గాని, ఆతడు ఎవరికి ఓటు వేసెనో తెలియదు.

చెప్పుటకు ఇది సులభముగనే యున్నది. చిక్కులన్నియు చిన్న చిన్న విషయములలో నున్నవి. పత్రము ఏనాటికి చేరవలెను? కొన్ని రాష్ట్రములు ఎన్నికల దినము నాటి తపాలా ముద్ర యున్న చాలుననినవి. కొన్ని ఆనాటి సాయంకాలము లోపల కార్యాలయమునకు అందితీరవలె ననినవి. ఆరిగాన్ రాష్ట్రము మొదట రెండవ పద్ధతిని పాటించి, 2021లో చేసిన శాసనము ద్వారా మొదటి పద్ధతికి మారినది. సంతకము సరిపోనిచో ఓటరుకు తెలియజేసి సరిదిద్దుకొనుటకు గడువీయవలెనా, లేక కవరును ప్రక్కన పడవేయవలెనా? లోపలి కవరు లేకుండ వచ్చిన పత్రము చెల్లునా? పెన్సిల్వేనియా రాష్ట్రము 2019లో కారణము లేకయే తపాలా ఓటు వేయుటకు శాసనము చేసినది. 2020 సెప్టెంబరులో ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు, లోపలి కవరు లేని పత్రము చెల్లదని తీర్పు చెప్పెను. ఓటు నిజమైనది, ఓటరు నిజమైనవాడు, సంతకము నిజమైనది. కాని కవరొకటి తక్కువైన కారణమున ఓటు పోయినది.

మరియొక చిక్కు లెక్కింపు వేళను గూర్చినది. అదే రాష్ట్రమున ఎన్నికల దినము ఉదయము 7 గంటలకు ముందు కవర్లను విప్పరాదని శాసనము. 2020లో లక్షల సంఖ్యలో కవర్లు వచ్చిపడుటచే లెక్క కొన్ని దినములు సాగినది. ఎన్నిక మంగళవారమున జరుగగా, ఫలితము ఎటు మొగ్గినదో శనివారమునకు గాని స్పష్టము కాలేదు. ఆ మధ్యకాలమున వదంతులకు అంతులేకపోయెను. ఆలస్యమునకు కారణము మోసము కాదు, శాసనము నిర్ణయించిన వేళ. కాని ఆ సంగతి ప్రజలకు ముందుగ ఎవరును విడమరచి చెప్పనిచో, ఆలస్యమే అనుమానమగును.

తిరిగి లెక్కింపు

ఇక రెండవ విషయము. అమెరికా రాష్ట్రములలో తిరిగి లెక్కింపు రెండు విధములు. మొదటిది, వ్యత్యాసము మిక్కిలి తక్కువగ నున్నపుడు ఎవరును అడుగనవసరము లేకుండ శాసనమే విధించునది. రెండవది, అభ్యర్థి అడుగగా జరుగునది. ఆరిగాన్‌లో వ్యత్యాసము నూటికి 0.2 వంతుకు మించనిచో లెక్క తానుగనే మరల జరుగును. ఫ్లారిడాలో నూటికి అరవంతు లోపలనైనచో యంత్రములతో మరల లెక్కించి, అప్పటికిని పావువంతు లోపలనే యున్నచో సందేహాస్పదమైన పత్రములను చేతితో పరిశీలింతురు.

ఖర్చును గూర్చి గూడ శాసనములు ఆలోచించినవి. అడిగిన అభ్యర్థి కొంత సొమ్ము ధరావతు కట్టవలెను. ఫలితము మారినచో అది తిరిగి ఇత్తురు. మారనిచో ఖర్చు ఆతనిదే. ఊరక సతాయించుటకు లెక్క నడుగువారిని ఇది వారించును. న్యాయమైన సందేహము గలవానికి దారి మూయదు.

నియమము లుండుట మాత్రమే చాలదు. అవి అందరికి ఒకే విధముగ వర్తింపవలెను. 2000 సంవత్సరపు అధ్యక్ష ఎన్నికలో ఫ్లారిడా రాష్ట్రము దీనికి సాక్ష్యము. ఓటరు పత్రములో చిల్లు పొడుచు పద్ధతి అచ్చట పెక్కు కౌంటీలలో నుండెను. చిల్లు పూర్తిగ పడని పత్రమును ఓటుగ నెంచవలెనా యను ప్రశ్నకు ఒక కౌంటీలో ఒక సమాధానము, మరియొక కౌంటీలో మరియొక సమాధానము వచ్చినది. 36 దినముల వివాదము పిదప డిసెంబరు 12న దేశపు సుప్రీం కోర్టు, సమానమైన కొలబద్ద లేని లెక్కింపు సాగరాదని ఆపివేసెను. 537 ఓట్ల వ్యత్యాసముతో ఆ రాష్ట్రము ఫలితము నిలిచినది. దానితోనే దేశాధ్యక్షుడెవరో నిర్ణయమైనది. మరుసటి యేడు ఫ్లారిడా శాసనసభ ఆ చిల్లు పత్రములను తొలగించుచు శాసనము చేసినది.

మూడుమార్లు లెక్కించిన ఎన్నిక

తపాలా ఓటును, తిరిగి లెక్కింపును ఒకచోట చూడవలెనన్నచో 2004లో వాషింగ్టను రాష్ట్ర గవర్నరు ఎన్నికను చూడవలెను. ఆ రాష్ట్రమున అప్పటికే ఓటర్లలో పెక్కుమంది తపాలా ద్వారా ఓటు వేయుచుండిరి. ఇంచుమించు 28 లక్షల ఓట్లు పోలైనవి. మొదటి లెక్కలో డీనో రోసీ 261 ఓట్ల ఆధిక్యతతో గెలిచెను. వ్యత్యాసము 2,000 ఓట్లకును, నూటికి అరవంతుకును లోపల నుండుటచే శాసనము ప్రకారము యంత్రములతో మరల లెక్కించిరి. ఆధిక్యత 42కు తగ్గినది. అంతట ప్రత్యర్థియగు క్రిస్టీన్ గ్రెగ్వార్ పక్షమువారు చేతితో లెక్కింపవలెనని కోరి, పత్రమునకు 25 సెంట్ల వంతున సుమారు 7 లక్షల 30 వేల డాలర్లు ధరావతు కట్టిరి.

ఆ చేతి లెక్క సాగుచుండగా ఒక విచిత్రము జరిగినది. కింగ్ కౌంటీ పరిషత్తు అధ్యక్షుడు లారీ ఫిలిప్స్ తిరస్కరింపబడిన తపాలా ఓటర్ల జాబితాను చదువుచుండగా, అందు తన పేరే కనబడెను. ఆతడు చేసిన నేరమేమియు లేదు. ఆతని సంతకపు నమూనా కంప్యూటరులోనికి ఎక్కలేదు. సిబ్బంది కాగితపు దస్త్రములను తీసి చూడవలసియుండగా చూడక, ఓటును త్రోసివేసిరి. విచారింపగా అట్టి కవర్లు మొదట 573 బయటపడినవి. పిదప ఆ సంఖ్య 700 దాటెను. ఆలోచింపుడు. పరిషత్తు అధ్యక్షుని ఓటే అట్లు పోయినపుడు, జాబితా చూచు అవకాశము లేని సామాన్యుని ఓటు పోయినదని ఎవరికి తెలియును?

ఆ కవర్లను ఇప్పుడు విప్పవచ్చునా యని వ్యాజ్యము నడిచినది. డిసెంబరు 22న రాష్ట్ర సుప్రీం కోర్టు విప్పవచ్చునని తీర్పు చెప్పెను. అప్పటికి చేతి లెక్కలో గ్రెగ్వార్ 10 ఓట్ల ఆధిక్యతలో నుండెను. ఆ ఓట్లు కలిసిన పిదప ఆధిక్యత 129కి పెరిగెను. ఫలితము తారుమారయ్యెను. ఆమె 2005 జనవరి 12న ప్రమాణ స్వీకారము చేసెను. రోసీ పక్షము న్యాయస్థానమున సవాలు చేసినది. అర్హత లేనివారి ఓట్లు వెయ్యికి పైగ పోలైనట్లు అచ్చట తేలినది. కాని అవి ఎవరికి పడినవో రుజువు లేనందునను, మోసము జరిగినట్లు నిరూపింపబడనందునను న్యాయమూర్తి 2005 జూన్ 6న ఎన్నికను నిలబెట్టెను. రోసీ ఆనాడే తీర్పును శిరసావహించి, మరి అప్పీలు చేయలేదు. ఓడినవాడు న్యాయస్థానము వరకు పోవుట తప్పు కాదు. న్యాయస్థానము చెప్పిన పిదప ఆగుటయు ప్రజాస్వామ్యమునకు అంతే అవసరము.

ఆ సంవత్సరమే అచ్చటి శాసనసభ లోపములను దిద్దబూనెను. అర్హత తేలవలసియున్న తాత్కాలిక ఓటు పత్రములు ఇతర పత్రములతో కలిసిపోకుండ, చూడగనే గుర్తింపదగునట్లు ఉండవలెనని శాసించినది. నియమము పుట్టుట వెనుక సామాన్యముగ ఇట్టి యొక దెబ్బ యుండును.

ఐదవ కుప్ప

2008లో మిన్నెసోటా రాష్ట్రమున సెనేటు ఎన్నిక ఇంతకంటె దీర్ఘముగ సాగినది. సుమారు 29 లక్షల పత్రములు. మొదటి లెక్కలో నార్మ్ కోల్మన్ 215 ఓట్ల ఆధిక్యతలో నుండెను. నూటికి అరవంతు లోపల నుండుటచే శాసనము చేతి లెక్కను విధించినది. రాష్ట్ర కార్యదర్శియు, నలుగురు న్యాయమూర్తులును గల ఐదుగురి సంఘము సందేహాస్పదమైన పత్రములను ఒక్కొక్కటిగ ప్రజల యెదుట పరిశీలించినది. ఒక పత్రమును చూచి ఆ న్యాయమూర్తులు చేసిన చర్చను ఎవరైనను చూడవచ్చును, వినవచ్చును. ఏ నిర్ణయమును తలుపు చాటున జరుగలేదు.

అంతట తిరస్కరింపబడిన తపాలా ఓట్ల ప్రశ్న వచ్చినది. ఆ రాష్ట్ర శాసనమున తపాలా ఓటును త్రోసివేయుటకు నాలుగు కారణములు మాత్రమే చెప్పబడినవి. అధికారులు తిరస్కరించిన కవర్లను కారణమును బట్టి నాలుగు కుప్పలుగ పోసిరి. ఏ కారణమునకును చెందని కవర్లు మిగిలినవి. అది ఐదవ కుప్ప. అవి అన్యాయముగ త్రోసివేయబడిన ఓట్లు. అధికారులును, అభ్యర్థులిరువురును అంగీకరించిన వానిలో 933 ఓట్లను 2009 జనవరి 3న లెక్కించిరి. ఓటరు హక్కు అభ్యర్థి అంగీకారముపై ఆధారపడవచ్చునా యని ఆనాడు పెక్కురు ప్రశ్నించిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే.

ఆ లెక్క ముగియు నాటికి అల్ ఫ్రాంకెన్ 225 ఓట్ల ఆధిక్యతకు వచ్చెను. కోల్మన్ వ్యాజ్యము వేసెను. ముగ్గురు న్యాయమూర్తుల విచారణ పిదప మరి 351 కవర్లు విప్పగా ఆధిక్యత 312 అయ్యెను. జూన్ 30న రాష్ట్ర సుప్రీం కోర్టు ఆ ఫలితమును స్థిరపరచినది. కోల్మన్ ఆనాడే ఓటమిని అంగీకరించెను. జనవరిలో నిండవలసిన ఆ స్థానము జూలై 7 వరకు ఖాళీగనుండెను. ఆరు నెలలు ఒక రాష్ట్రపు ప్రజలకు ఇద్దరు సెనేటర్లకు బదులు ఒక్కరే యుండిరి. ఆలస్యమునకు ఇది వెల.

దీనివలన 2010లో అచ్చట శాసనము మారినది. తపాలా కవర్లను ఎక్కడికక్కడ పోలింగు కేంద్రములలో చూచు పద్ధతి పోయి, దానికై ప్రత్యేక సంఘములు ఏర్పడినవి. ఎన్నికకు ముందే కవరు తిరస్కరింపబడినచో ఓటరుకు తెలియజేయు ఏర్పాటు జరిగినది. మూలసూత్రము స్పష్టము. తప్పు జరిగినపుడు దిద్దుటకు ఓటరుకు వేళ యుండగనే చెప్పవలెను గాని, ఎన్నిక ముగిసిన పిదప వాని ఓటును గూర్చి వకీళ్లు వాదించుకొనుట కాదు.

మన నియమములు

ఇక మన యింటికి వత్తము. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమును, 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమములును మన శాసనసభ, లోక్‌సభ ఎన్నికలకు ఆధారము. తపాలా ఓటు మనకును కలదు గాని అందరికిని కాదు. సైనికులు మొదలగు సర్వీసు ఓటర్లకు, ఎన్నికల విధులలో నున్న ఉద్యోగులకు, మరి కొన్ని తరగతుల వారికి మాత్రమే కలదు. 85 సంవత్సరములు నిండిన వృద్ధులును, నూటికి 40 వంతులకు తక్కువ కాని అంగవైకల్యము గలవారును కోరినచో అధికారుల బృందము ఇంటికే వచ్చి ఓటు వేయించుకొనును. విదేశములలో నుండి మన పౌరసత్వమును నిలుపుకొన్నవారు ఓటరుగ నమోదు కావచ్చును గాని, ఓటు వేయుటకు స్వయముగ పోలింగు కేంద్రమునకు రావలెను.

మన పద్ధతిలోను కవరులో కవరే. 13-ఎ పత్రము ఓటరు చేయు ప్రకటన. 13-బి లోపలి కవరు. 13-సి వెలుపలి కవరు. లెక్కింపు ప్రారంభించు వేళకు ముందు చేరని కవరు లెక్కకు రాదు. లెక్కింపునాడు మొదట చేపట్టునది తపాలా ఓట్లనే. ప్రకటన లేకున్నను, దానిపై సంతకము, ధ్రువీకరణ సరిగ లేకున్నను లోపలి కవరు విప్పకయే తిరస్కరింతురు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో, ధ్రువీకరించు అధికారి సంతకము మాత్రముండి పేరు, హోదా, ముద్ర లేని 13-ఎ పత్రములు చెల్లునా యను వివాదము లెక్కింపునకు ముందు సుప్రీం కోర్టు వరకు పోయినది. అవి చెల్లునన్న ఎన్నికల సంఘపు ఆదేశములో న్యాయస్థానములు జోక్యము చేసికొనలేదు. ఒక ముద్ర ఎంత దూరము ప్రయాణము చేయునో చూచితిరా!

తిరిగి లెక్కింపు విషయమున మనకు అమెరికా రాష్ట్రములవలె నూటికింతయను హద్దు శాసనమున లేదు. 63వ నియమము ననుసరించి, మొత్తము ఓట్లు ప్రకటించిన పిదప అభ్యర్థి గాని ఆతని ఏజెంటు గాని కారణములు చూపుచు వ్రాతమూలముగ కోరవలెను. రిటర్నింగు అధికారి పూర్తిగ గాని, కొంతవరకు గాని అంగీకరింపవచ్చును. అర్థము లేని కోరిక యని తోచినచో తిరస్కరింపవచ్చును. ఎట్లు చేసినను తన కారణములను వ్రాసి యుంచవలెను. తపాలా ఓట్లకు మాత్రము ఎన్నికల సంఘము ఒక కట్టుబాటు చేసినది. గెలుపు వ్యత్యాసము తిరస్కరింపబడిన తపాలా ఓట్ల సంఖ్యకంటె తక్కువైనచో, ఆ తిరస్కృత పత్రములన్నింటిని ఫలితము ప్రకటించుటకు ముందే మరల పరిశీలింపవలెను. 2020లో బీహారు రాష్ట్రపు హిల్సా నియోజకవర్గమున వ్యత్యాసము 12 ఓట్లు కాగా, తిరస్కరింపబడిన తపాలా ఓట్లు 182. అచ్చట ఇట్లే మరల పరిశీలన జరిగినది.

ఇట్టి స్వల్ప వ్యత్యాసములు మనకు క్రొత్త కావు. 1989లో మన అనకాపల్లి లోక్‌సభ స్థానమున కొణతాల రామకృష్ణ 9 ఓట్ల ఆధిక్యతతో గెలిచిరి. 2004లో కర్ణాటకలోని సంతెమరహళ్లి శాసనసభ స్థానమునను, 2008లో రాజస్థాన్‌లోని నాథద్వారా స్థానమునను ఒక్కొక్క ఓటుతోనే గెలుపు నిర్ణయమైనది. లక్షల ఓటర్లున్న చోటనే ఇట్లుండగా, కొన్ని వందల ఓట్లు గల వార్డులో ఒక ఓటు విలువ ఎంతయో మీకు వేరుగ చెప్పనక్కరలేదు.

మన కర్తవ్యము

2019లో తెలంగాణములోను, 2021లో ఆంధ్రప్రదేశ్‌లోను గ్రామ పంచాయతి ఎన్నికలు ఓటు పత్రములపై ముద్ర వేయు పద్ధతినే జరిగి, పోలింగునాడే లెక్క తేలినది. కనుక చెల్లని ముద్ర, మడతలో రెండవ గడికి అంటిన సిరా, కట్టలో లెక్క తప్పు – ఇవన్నియు మీరెరిగిన కష్టములే. ఈ విషయములందు పంచాయతి సభ్యులు చేయదగిన పనులు కొన్ని కలవు.

మొదటిది: మీ వార్డులో 85 ఏండ్లు దాటినవారు, మంచము పట్టిన వికలాంగులు ఎవరెవరున్నారో తెలిసికొని యుండుడు. శాసనసభ, లోక్‌సభ ఎన్నికల ప్రకటన వెలువడిన 5 దినములలోపల 12-డి దరఖాస్తు అందవలెను. ఆ సంగతి తెలియకయే పెక్కురి అవకాశము జారిపోవుచున్నది. బూతు స్థాయి అధికారిని వారి యింటికి తీసికొనిపోవుట మీకొక పూట పని.

రెండవది: సైన్యములో నున్న మీ గ్రామ యువకుల పేర్లు సర్వీసు ఓటర్ల జాబితాలో నున్నవో లేవో వారి కుటుంబములతో విచారింపుడు. వారికి పత్రము విద్యుత్ మార్గమున పోవును గాని, తిరిగి వచ్చునది తపాలాలోనే. జాగు చేసిన ఓటు చెత్తబుట్ట పాలగును.

మూడవది: ఇతరుల ఓటు కవరును చేతబట్టకుడు. సాయము పేరిట ఒకరి పత్రముపై మరియొకరు తమ యిష్టము ప్రకారము గుర్తు పెట్టుట నేరము. ఇంటికి వచ్చిన అధికారుల బృందము వద్ద ఓటరు రహస్యమును కాపాడవలసిన బాధ్యత ఇంటివారిపైనను కలదు. పెద్దకొడుకు ప్రక్కన నిలిచి ముసలితల్లి చేత ఓటు వేయించిన, అది ఆమె ఓటు కాదు.

నాలుగవది: లెక్కింపు ఏజెంట్లుగ ధైర్యవంతులను మాత్రమే గాక, చదువనేర్చి నియమ మెరిగినవారిని పంపుడు. సందేహమున్నచో కేకలు వేయక కాగితముపై వ్రాయుమనుడు. కారణము వ్రాసి ఇచ్చిన కోరికకు వ్రాతపూర్వకమైన సమాధానము లభించును. కేకకు కేకయే సమాధానము. ఫలితము ప్రకటించిన పిదప ఇంకను న్యాయము జరుగలేదని తోచినచో, శాసనసభ, లోక్‌సభ ఎన్నికలకు 45 దినములలోపల హైకోర్టున ఎన్నికల పిటిషను వేయవచ్చును. పంచాయతి ఎన్నికలకు చట్టము నిర్ణయించిన ఎన్నికల ట్రిబ్యునలు కలదు. దారి యున్నది, ఆ దారినే పోవలెను.

ఐదవది, అన్నింటికంటె ముఖ్యమైనది: గెలిచినవారు తిరిగి లెక్కింపును అవమానముగ నెంచరాదు. నిజముగ గెలిచినవానికి రెండవ లెక్క వలన పోవునదేమియు లేదు. ఓడినవానికి అనుమానము తొలగును. వాని ఓటర్లకు గూడ మీరే ఐదేండ్లు సభ్యులు. వారి వీధిలో దీపము, వారి కొళాయిలో నీరు మీ బాధ్యతయే. మీరు గెలిచినారని వారు గూడ నమ్మిననాడే మీ మాట ఆ వీధిలో చెల్లును.

సోదరులారా! వాషింగ్టను రాష్ట్రమున ఒక పరిషత్తు అధ్యక్షుడు జాబితాను చదివియుండకున్నచో ఆ వందలాది కవర్లు వెలికివచ్చెడివో లేదో చెప్పలేము. ఆతడు చేసిన ఘనకార్యము జాబితాను శ్రద్ధగ చదువుటయే. రాబోవు ఎన్నికలకు ముందు మీ గ్రామపు ఓటర్ల జాబితాను మీలో ప్రతి ఒక్కరును ఒక్కమారు మొదటి పుట నుండి చివరి పుట వరకు చదువవలసినదిగ కోరుచున్నాము.